మెడికల్ షాపు డ్యూటీ, డిగ్రీ చదువు, నిద్ర... మూడూ కుదరట్లేదు. ఏది తగ్గించుకోవాలి?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్తే. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. బలగలో ముగ్గురం కలిసి రూము తీసుకున్నాం. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా కాలేజీ. ఐదింటికి మెడికల్ షాపుకి వెళ్తే, షట్టర్ దించేసరికి రాత్రి పదిన్నర. నెలకి రూ. 6,500 ఇస్తారు. రూము అద్దె, సరుకులు పోగా రూ. 2,000 ఇంటికి పంపుతాను. నాన్నకి సొంత భూమి లేదు, కౌలుకి చేస్తాడు. చెల్లి ఇంటర్ రెండో ఏడాది. ఆ 2,000 మానేస్తానని చెప్పే పరిస్థితి ఇంటికాడ లేదు.

షాపు పని నాకు ఇష్టమే, అది ముందే చెప్పాలి. చేరిన కొత్తలో కౌంటర్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. వెనక ర్యాకుల్లో డేటు దగ్గరపడ్డ స్టాకు వేరుచేసి, రబ్బరు బ్యాండు వేసి, అట్టపెట్టెలో సర్దడమే పని. ఇప్పుడు చీటీలు చదవడం వచ్చింది. అనుమానం ఉంటే ఓనరు గారికి చూపించకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వను. మొన్న క్లాసులో మేడం పారా అమైనోఫినాల్‌కి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపితే పారాసెటమాల్ ఎలా వస్తుందో చెప్తుంటే, ముందురోజు రాత్రి ఒక ముసలమ్మకి కత్తెరతో కత్తిరించి ఇచ్చిన షీటు గుర్తొచ్చింది. ఆ పాఠం మళ్లీ చదవాల్సిన పని లేకుండా బుర్రలో ఉండిపోయింది. మిగతావే ఉండట్లేదు.

రూముకి వచ్చి, వండుకుని తిని, పుస్తకం తీసేసరికి పన్నెండు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మెకానిజం (రియాక్షన్ మెట్టుమెట్టుగా ఎలా జరుగుతుందో) ఒక పేజీ బాగానే రాస్తాను. రెండో పేజీలో బాణం గుర్తు వేయబోయిన పెన్ను కిందిదాకా జారి ఉంటుంది. అలా ఒంటిగంటన్నర దాకా కూర్చుంటాను. ఆరింటికల్లా లేవాలి, ఆరున్నరకి కుళాయి ఆగిపోతుంది. టిఫిన్ మానేసి చాలా రోజులైంది. సాయంత్రం అయ్యేసరికి కణతల దగ్గర తలనొప్పి మొదలవుతుంది. షాపులోనే ఉంటాను కాబట్టి ఒక నొప్పి మాత్ర వేసుకుంటే రాత్రి దాకా నిలబడగలుగుతున్నాను. ఈమధ్య అది రోజూ అయిపోయింది.

ఫోను చేసినప్పుడు అమ్మ "ఏటి నానా, గొంతు అలగుంది?" అని అడుగుతోంది. జలుబని చెప్తున్నాను.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. రూములో ఒకడు షాపు మానేయమంటున్నాడు. ఇంకొకడు మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి పడుకోమంటున్నాడు. పని చేస్తూ చదివినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. మీరు దేన్ని తగ్గించుకున్నారు?

షిఫ్టు_బస్సు:

తమ్ముడూ, నేను విజయనగరంలో డిగ్రీ చదివినప్పుడు మూడు లాంతర్ల దగ్గర జిరాక్స్ షాపులో చేసేవాణ్ణి. ఇప్పుడు పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నువ్వు చదివే కెమిస్ట్రీయే నాకు ఇప్పుడు అన్నం పెడుతోంది.

క్లాసులు మాత్రం ఎగ్గొట్టకు. ఫీజు రీయింబర్స్‌మెంటుకి 75 శాతం హాజరు ఉండాలి. అది పోతే ఫీజు నాన్న నెత్తిన పడుతుంది, అప్పుడు షాపులో నువ్వు సంపాదించినదంతా అందులోకే పోతుంది. షాపు మానేయడం కూడా తొందరపాటే. తగ్గించాల్సింది షాపు గంటలు. నిద్రలో ఒక్క గంట కూడా ఇంక కోయకు.

మెడికల్ షాపుకి రద్దీ ఎప్పుడుంటుందో నీకే బాగా తెలుసు. సాయంత్రం క్లినిక్కులు తెరిచాక జనం వస్తారు, డాక్టర్లు లేచిపోయాక పలచబడతారు. తొమ్మిది దాటాక ఎంతమంది వస్తున్నారో ఒక వారం చిన్న కాగితం మీద రాసుకో. అది చేతిలో పెట్టుకుని ఓనరు గారిని అడుగు: "రద్దీ టైములో ఉంటానండి, తొమ్మిదికి పంపించండి. బదులుగా ఆదివారం పొద్దున్న వచ్చి స్టాకు, ఆర్డరు పని చూసుకుంటాను" అని. ఉత్తి చేతులతో వెళ్లి "చదువుకోవాలండి" అంటే ఆయనకి జాలి కలుగుతుంది కానీ షాపు ఎలా నడవాలో తోచదు. నువ్వే దారి చూపిస్తే ఆలోచిస్తారు. జీతం కొంత తగ్గొచ్చు, దానికి సిద్ధపడే వెళ్లు.

పన్నెండింటికి పుస్తకం తీయడం ఇవాళే మానెయ్. నీ వయసువాళ్లకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. మా ప్లాంటులో నైట్ చేసినవాణ్ణి మర్నాడు పగలు మళ్లీ డ్యూటీకి పిలవరు. నిద్ర లేనివాడు రియాక్టర్ దగ్గర నిలబడితే అందరికీ ప్రమాదమని. నువ్వు మాత్రం రోజూ డబుల్ డ్యూటీ చేస్తున్నావు. మందుల కౌంటర్ దగ్గర మగత కూడా చిన్న విషయం కాదు, ఒక పేరు బదులు ఇంకో పేరు చేతికొస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

పదిన్నరకల్లా పడుకుని ఐదున్నరకి లే. నీళ్లు పట్టేలోపు ఒక అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో పుస్తకం తెరవకుండా ముందురోజు చెప్పిన మెకానిజం తెల్లకాగితం మీద రాయి. ఎక్కడ ఆగిపోయావో అక్కడే పుస్తకం తెరువు. నేను కెమిస్ట్రీ అంతా ఇలాగే గట్టెక్కించాను. మళ్లీ మళ్లీ చదువుతుంటే వచ్చినట్టే అనిపిస్తుంది, రాసినప్పుడే ఏది రాలేదో తెలుస్తుంది. కాలేజీలో లీజర్ పీరియడ్ ఉంటే క్యాంటీన్ వైపు పోకుండా లైబ్రరీలో కూర్చో. షాపులో ఖాళీగా ఉన్నప్పుడు చదవాలని మాత్రం చూడకు, చదువూ సాగదు, ఓనరు గారికీ నచ్చదు.

కవిటి_కొబ్బరితోట:

బాబూ, మిగతా సంగతులన్నీ తర్వాత. ముందు ఆ మాత్ర పేరు చెప్పు. ఉత్త పారాసెటమాలా, లేక డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటిదా?

మాది ఉద్దానం. స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా పెదనాన్న డయాలసిస్ మీదే కొన్నేళ్లు బతికి పోయారు. మా దగ్గర కిడ్నీ జబ్బు ఇంతలా ఎందుకుందో కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎడాపెడా వాడితే కిడ్నీలకి దెబ్బ అనేది మాత్రం తేలిన విషయమే. ఒంట్లో నీళ్లు తక్కువైనప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. నువ్వు టిఫిన్ తినవు, షాపులో నిలబడి నీళ్లు కూడా సరిగా తాగవని నా అనుమానం, ఖాళీ కడుపులో మాత్ర వేస్తున్నావు. కడుపులో పుండ్లు పడేది కూడా ఇలాగే. మా జిల్లా జనం ఉద్యమాలు చేసి, చివరికి 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెచ్చుకున్నారు. అక్కడికి వచ్చేవాళ్ల మొహాలు చూస్తే నువ్వు ఆ షీటు మళ్లీ ముట్టుకోవు.

ఇంకో సంగతి. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో పదిహేను రోజులు, అంతకుమించి వేసుకుంటూ పోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. మానేసిన కొత్తలో కొన్నాళ్లు నొప్పి పెరగొచ్చు, భయపడకు, డాక్టర్‌కి చెప్పే మానెయ్. కళ్లు, బీపీ, హిమోగ్లోబిన్ కూడా చూపించుకో.

పొద్దున్న వండే ఓపిక లేకపోతే రాత్రే చోడిపిండి (రాగిపిండి) కాచి పెట్టుకో. పొద్దున్న అందులో మజ్జిగ, ఉప్పు, ఒక ఉల్లిపాయ వేసుకుని తాగితే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఇంటికాడ మన అమ్మలు పొలానికి వెళ్లేముందు తాగేది అదే కదా.

నాగావళి_గట్టు:

అన్నా, అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. అది ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర. నీళ్ల సంగతి మీరన్నట్టే, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఒక్క గ్లాసు కూడా తాగను. ఇవాళ వేసుకోలేదు.

ఓనరు గారిని అడగడానికి కాళ్లు ఆడట్లేదు. మనిషి మంచివారే, అందుకే ఇంకా మొహమాటం. ఇంకో కుర్రాణ్ణి పెట్టుకుంటే? ఇంకొకటి కూడా చెప్తాను. ఈమధ్య ఆదివారం ఖాళీ ఉన్నా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు. క్రికెట్‌కి పిలిస్తే కూడా గోడవైపు తిరిగి పడుకుంటున్నాను.

చాక్‌పీసు:

నేను విజయనగరం జిల్లాలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. నా క్లాసులో కూడా నీలాంటి పిల్లలున్నారు. తెల్లవారుజామున పాలు పోసి వచ్చేవాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కి వెళ్లేవాళ్లు. వెనక బెంచీలో తల వాల్చిన పిల్లాడు బద్ధకస్తుడో, రాత్రంతా పని చేసి వచ్చాడో మాకు చూడగానే తెలియదు నాన్నా. చెప్తేనే తెలుస్తుంది. పారాసెటమాల్ పాఠం చెప్పిన ఆ మేడం దగ్గరికే వెళ్లు. షాపులో చేస్తున్నానని చెప్పు. నీ పాఠం షాపులో గుర్తొచ్చిందని ఒక విద్యార్థి వచ్చి చెప్తే ఏ టీచరైనా కుర్చీ చూపించి కూర్చోమంటుంది. రికార్డులకి నాలుగు రోజులు గడువు కావాలన్నా, ఇంటర్న్‌షిప్‌కి మందుల కంపెనీ వైపు దారి కావాలన్నా ఆవిడ మాటసాయం పనికొస్తుంది.

గోడవైపు తిరిగి పడుకోవడం గురించి రాశావు. అది నిద్రలేమి వల్లే కావచ్చు, మనసు బరువెక్కడం వల్ల కూడా కావచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వానిది ఒక నంబరుంది, 14416. రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. రెండు వారాలు సరిగ్గా నిద్రపోయాక కూడా ఇలాగే ఉంటే తప్పకుండా చెయ్యి. ఈలోపు దిగులు మరీ ఎక్కువైతే ఆ రెండు వారాలు కూడా ఆగకు.

అమ్మకి నిజం చెప్పు. గొంతు విని ఆవిడ సగం కనిపెట్టేసింది. పరీక్షలయ్యేదాకా 2,000 బదులు 1,000 పంపుతానంటే ఇంట్లో ఎలాగో సర్దుకుంటారు. చెప్పకుండా నువ్వొక్కడివే మోస్తే వాళ్లకి సర్దుకునే అవకాశమే ఉండదు.

నాగావళి_గట్టు:

తొమ్మిది తర్వాత వచ్చినవాళ్ల లెక్క రాసి ఓనరు గారికి చూపించాను. కాసేపు చూసి, తొమ్మిదింబావుకి వెళ్లిపోమన్నారు. జీతం 5,500. ఆదివారం పొద్దున్న స్టాకు నాదే. అమ్మకి కూడా చెప్పాను. డబ్బు మాట ఎత్తనే లేదు, "చోళ్లు మరపట్టించి నాన్న చేత పంపిస్తాను" అంది.

అక్కా, ఆ పరీక్షలకి శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రికి వెళ్లొచ్చా? ఏమని చెప్పాలి?

కవిటి_కొబ్బరితోట:

వెళ్లు బాబూ. సోమవారం జనం ఎక్కువుంటారు, మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని జనరల్ మెడిసిన్‌లో చూపించుకో. తలనొప్పి అని చెప్పి ఊరుకోకు, ఏ మాత్ర ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావో చెప్పు, ఖాళీ షీటు జేబులో పెట్టుకెళ్లి చూపించు. హిమోగ్లోబిన్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష కూడా రాయమని అడుగు. ఆ రోజు క్లాసు పోతుందని మేడంకి ముందే చెప్పి వెళ్లు.