ఒకే ముక్క పదేపదే కలిస్తే బృహదణువు: ఇంట్లో చూపించేదెట్లా?

బైపీసీ_అమ్మ (తిరుపతి)
మా పాప ఇంటర్ ఫస్టియర్. బృహదణువుల పాఠం బట్టీ కొడతాంది. గ్లూకోజు గొలుసు పిండిపదార్థం, గ్లూకోజు గొలుసే సెల్యులోజు అని గడగడా అప్పజెప్తాంది. "రెండూ గ్లూకోజే అయితే అన్నం తింటామే, గడ్డి ఎందుకు తినం?" అని అడిగితే నోరు తెరవలా. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఇంట్లో చేసి చూపించేవి ఏమన్నా ఉంటే చెప్పండి.

సంగటి_ముద్ద
తేడా అంతా అతుకులో ఉందక్కా. పిండిలో గ్లూకోజులన్నీ ఒకే వాటంగా అతుక్కుంటాయి. అందుకే గొలుసు మెలి తిరిగి స్ప్రింగులా చుట్టుకుంటుంది. సెల్యులోజులో ఒకటి వెల్లకిలా ఉంటే పక్కది బోర్లా. గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో కలిసి కట్టలు కడుతుంది. మన ఉమ్మిలోని ఎంజైముకు మొదటి అతుకు తెంపడమే వచ్చు. ఆవుకూ రెండోది సొంతంగా రాదు, దాని కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

పాపని రాగిసంగటి ముక్క మింగకుండా రెండు నిమిషాలు నమలమనండి. తియ్యగా తగులుతుంది. అది మాల్టోజు, అంటే జంట గ్లూకోజు. ఇంకో ముక్క మీద దెబ్బలకు రాసే అయోడిన్ చుక్క వెయ్యండి, నల్లటి నీలమవుతుంది. అయోడిన్ పోయి ఆ స్ప్రింగు లోపల కూర్చుంటుంది. రాత్రి సంగటి పొద్దునకు గట్టిపడేదీ ఇందుకే: ఉడికేటప్పుడు విడిపోయిన గొలుసులు చల్లారినాక మళ్ళీ పక్కపక్కన సర్దుకుంటాయి.

గానుగ_బెల్లం (చిత్తూరు)
అయితే బెల్లం కూడా పాలిమరేనా, అంటే ఒకే ముక్క పదేపదే కలిసిన గొలుసేనా?

సంగటి_ముద్ద
కాదు సామీ. అందులో ఉండే చక్కెరలో గ్లూకోజు ఒకటి, ఫ్రక్టోజు ఒకటి, అంతే. రెండు పూలకే దండ అంటే ఎట్లా? మీ గానుగ పక్కన కుప్పేసిన చెరకు పిప్పి ఉందే, దాన్లో దండిగా ఉండేది సెల్యులోజు.

కుప్పం_పట్టుగూడు
మేం పట్టుపురుగులు పెంచుతాం. చంద్రికల మీద, అంటే గూళ్ళు కట్టడానికి పెట్టే తట్టల మీద, పురుగు గూడు కట్టేటప్పుడు పాపని ఒకసారి తీసుకురండి. మంచి బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలొచ్చే రకం) గూడులో పోగు ఇంచుమించు కిలోమీటరు ఉంటుంది. పట్టు ప్రోటీనులో అమైనో ఆమ్లాలనే ముక్కల వరస చూడండి: గ్లైసీన్, అలనీన్, గ్లైసీన్, అలనీన్, గ్లైసీన్, సెరీన్. మళ్ళీ మొదటికే. అన్నీ చిన్న చిన్న ముక్కలే కాబట్టి గొలుసులు ఒకదానిమీద ఒకటి రేకుల్లా ఒత్తుకుంటాయి. పట్టుకు ఆ గట్టితనం అక్కడిదే. పోగుల్ని అతికించే సెరిసిన్ జిగురు వేణ్ణీళ్ళలో మెత్తబడితేనే దారం లాగగలం.

చీరలో ఒక పోగు కాల్చండి. వెంట్రుకలు కాలిన కంపు కొడితే పట్టు. పాలిస్టరైతే కరిగి గట్టి పూసవుతుంది. అదీ పాలిమరే, కాకపోతే మనిషి చేసింది. ఇంకోటి, పట్టుచీరకు వాషింగ్ సోడా తగలనియ్యొద్దు. క్షారం ఆ గొలుసుల్ని తెంపేస్తుంది. నా పెళ్ళిచీర అట్లే పోయింది.

మద్రాసు_బస్సు
మీకు కూతవేటు దూరంలో జరిగిన సంగతి ఎవరూ చెప్పలేదే! చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీను మూడు పేటల జడ అని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పినారు. గొలుసులో ప్రతి మూడోదీ గ్లైసీనే. జడ నడుమ దానికంటే పెద్దది పట్టదు మరి. మేకకాళ్ళ సూపు ఫ్రిజ్‌లో పెడితే గడ్డ కడుతుందే, అది ఇదే. ఉడికితే పేటలు విడిపోతాయి, చల్లారితే కొంత కొంత మళ్ళీ పెనవేసుకుంటాయి.

టమాటా_రైతు (పలమనేరు)
నాది మొక్కల మాట. పొగాకు మొజాయిక్ వైరస్ టమాటాకూ వస్తుంది. లోపల ఒక ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు సమాచారం ఉండే గొలుసు) పోగు, దాని చుట్టూ మెట్లలాగా 2130 ప్రోటీను ముక్కలు, అన్నీ ఒకే అచ్చు. 1955లో ఆ ముక్కల్నీ పోగునీ విడదీసి మళ్ళీ కలిపితే వాటంతట అవే వైరస్‌గా అమరినాయి. బీడీ తాగిన చేత్తో నారు ముట్టుకోనియ్యను నేను.

బైపీసీ_అమ్మ (తిరుపతి)
సంగటి తియ్యగానే ఉందంట. సూపూ గడ్డకట్టింది. పాప దాన్ని వేలితో నొక్కుతా "మూడోది గ్లైసీన్, ఆరోది గ్లైసీన్" అని లెక్కబెడతాంది. అయోడిన్ వేసిన ముద్ద పక్కన పెడితే మాయాయన నంజుకోడానికి తీసుకున్నాడు. చెయ్యి పట్టి ఆపినా.