సమస్య: “కొండ కరిగి నీటి కుండఁ జేరె”

నిర్వాహకుడు (నల్లగొండ):
అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సమస్యాపూరణకు ఆటవెలది పద్యం. అసంభవంగా తోచే నాలుగో పాదం ఇచ్చాను, దానికి అర్థం కుదిరేలా పై మూడు మీరు రాయాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) కొ–కు కుదిరింది కాబట్టి పాదం మీద పేచీ వద్దు. మాఘమాసం చివర మేం పదకొండు మందిమి మూడు రోజులు నల్లమలలో బొమ్మలు గీయడానికి పోయొచ్చాం. వెంట ఒక డ్రాయింగ్ సారు. ఈ పాదం అక్కడే పుట్టింది. ఎట్లా పుట్టిందో పూరణలు వచ్చాకే చెబుతాను. మాతో వచ్చినవాళ్లు దయచేసి నోరు విప్పకండి.

కల్వకుర్తి తమ్ముడు:
సార్, ఫస్ట్ టైం రాస్తున్న. తిట్టకుండ్రి.

ఎండ వేళ నేను ఎక్కితి కొండను
చెమట కారి చొక్కా తడిసిపోయె
రంగులన్ని చెమట రాలి కలిసిపోయె
కొండ కరిగి నీటి కుండఁ జేరె

మిర్యాల పంతులు:
తిట్టను నాయనా. మూడో పాదం నిక్షేపంగా ఉంది, రం–రా యతితో సహా. మొదటి పాదంలో “నేను ఎక్కితి” అన్నావు. “నేనెక్కితి” కావాలి. ఉత్వసంధి నిత్యం, విడదీయకూడదు. రెండో పాదంలో “చొక్కా” రెండూ గురువులే (బరువుగా పలికే అక్షరాలు), ఇక్కడ ఉండాల్సిన సూర్యగణం (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. పైగా చె–త యతి చెల్లదు. ఇట్లా మార్చి చూడు:

ఎండవేళ నడిచి యెక్కితిఁ గొండను
చెమట కారి చొక్క జిగట కట్టె

“నడిచి” క్త్వార్థం (“చేసి, పోయి” లాంటి అసమాపక క్రియ) కనుక సంధి లేదు, యడాగమం (మధ్యలో య్ చేరడం) వచ్చి “యెక్కితి” అయింది. చె–జి యతి.

కల్వకుర్తి తమ్ముడు:
జిగట కట్టె! నిజంగ గట్లనే అయింది సార్, ఎట్ల తెలిసింది?

మిర్యాల పంతులు:
మే నెలలో దేవరకొండ ఖిల్లా ఎక్కినవాణ్ణి.

గద్వాల జరీ:
నాకు కొండలెక్కే ఓపిక లేదు. సంతలో కూర్చొని రాసిన.

హిమముఁ గానమైతి మీ నల్లమలలోన
సంతలోన దొరికెఁ జల్లగాను
శర్బతమ్మువాఁడు సంచి విప్పగ నైసు
కొండ కరిగి నీటి కుండఁ జేరె

నిర్వాహకుడు:
“ఐసు” అని మూడో పాదం చివర తగిలించి కొండనే మార్చేశారు. అవధానుల పాత ఎత్తుగడ ఇది. సమస్య ఇచ్చినవాడు నోరు వెళ్లబెట్టి చూస్తుంటే ముందు ఒక్క మాట చేర్చి తప్పించుకుపోవడం. పేరుకు తగ్గట్టే విద్వద్గద్వాల (పండితుల గద్వాల) అనిపించారు! గోనెసంచిలో పొట్టు మధ్య పెట్టిన ఐసుబండ నా కళ్ల ముందు కనబడింది. కానీ బొమ్మల యాత్ర ఊసే లేదు కదక్కా.

గద్వాల జరీ:
నియమాలల్ల యాత్ర రాయాలని యాడ చెప్పిన్రు? పాదం పూరించుమన్నరు, పూరించిన.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను.

అచ్చంపేట పోస్టు:
మా ఉమామహేశ్వరం ఎవ్వరికీ యాదికి రాలేదా? శ్రీశైలానికి ఉత్తర ద్వారం. అక్కడ పాపనాశనం దగ్గర బండ పగులులోంచి నీటి చుక్కలు పడుతూనే ఉంటయి.

రాతి గుండె నుండి రాలెడు చినుకులు
మండుటెండ నైన మాయ మవవు
చెంచుతల్లి నిలిచి చేసాచి పట్టగా
కొండ కరిగి నీటి కుండఁ జేరె

మిర్యాల పంతులు:
భేష్. కొండే నీరై దిగిందనడంలో సమస్యలోని అసంభవం హాయిగా విడిపోయింది. ఒక్క నలుసు: “మాయమవవు” వ్యావహారికం. తక్కిన పద్యమంతా గ్రాంథికం నడిచింది కాబట్టి “మండుటెండ నైన మాన వెపుడు” అంటే సరి. మం–మా యతి చెడదు, చినుకుల పట్టుదలా తెలుస్తుంది.

అచ్చంపేట పోస్టు:
మానవెపుడు. మార్చుకున్న సారు. చినుకులు మానయి గని మా ఊరి నల్లా మానుతది!

దేవరకొండ సారె:
మాది కుమ్మరిల్లు. సారె అంటే సైకిల్ చక్రం అనుకోకుండ్రి, కుండలు చేసే సారె. కొండ అంటే మాకు మట్టే.

వాన కడిగె రాయి వందల యేండ్లుగ
చెఱువు మట్టి యగుచుఁ జెమ్మగిల్లె
సారె మీఁద దాని చక్కగ నిలుపంగ
కొండ కరిగి నీటి కుండఁ జేరె

మిర్యాల పంతులు:
ఊహ చాలా పెద్దది. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. నా అభ్యంతరం అర్థం మీద. కొండ కుండ అయింది కానీ కుండను “చేరలేదు” కదా? “కుండ యయ్యె” అని ఉంటే మీ పూరణకు అతికేది. కానీ పాదం మనది కాదు, నిర్వాహకులది.

దేవరకొండ సారె:
పంతులుగారూ, మీరు కుండను కొనుక్కునే దిక్కు నుంచి చూస్తున్నరు. సారె మీద చెయ్యి పెట్టినోళ్లకు ముందుగాల కుండ కనబడుతది, మట్టి ఆ తర్వాత దాండ్లెకు వచ్చి చేరుతది. మా నాయిన ఒక్క మట్టి ముద్ద చేతికి తీసుకొని “ఇది బాన, ఇది గురిగి” అని పక్కన పెట్టేటోడు. ఇంకా తిప్పనే లేదు!

మిర్యాల పంతులు:
తల్లీ, అభ్యంతరం వాపసు తీసుకున్నాను.

నిర్వాహకుడు:
నాదొక చిల్లర తగాదా. “వందల యేండ్లుగ” నల్లమలకు ఏ మూలకూ చాలదు. ఆ రాళ్ల వయసు వంద కోట్ల ఏండ్లకు పైమాటే. మీ దేవరకొండది గ్రానైటు బండ, నల్లమలది ఎక్కువగా క్వార్ట్‌జైటు, పలకరాయి. పెన్సిలు పట్టుకుంటే ఆ తేడా చేతికే తెలుస్తుంది. గ్రానైటు గుండును గుండ్రంగా తిప్పి గీయొచ్చు. పలకరాయిని పొరలు పొరలుగా, అడ్డంగా, విరిచినట్టు గీయాలి. వా–వం యతి కోసం వందలతో సర్దుకున్నారని నాకు తెలుసు.

దేవరకొండ సారె:
ఆటవెలదిల కోట్లు యాడ పడుతయి సారు!

మిర్యాల పంతులు:
నేనూ ఒకటి. తప్పులు పట్టేవాడు తానూ నిలబడాలి కదా.

నిండు కుండ నీట నిలిచెను గిరిఛాయ
గాలి వీచినంత కదలఁబాఱె
కంటి ముందె యెంత ఘనమైన శిఖరమో
కొండ కరిగి నీటి కుండఁ జేరె

వనపర్తి వాన:
తాతయ్యా, చిన్నదాన్ని, అడగొచ్చా? కొండ నీడ మొదటి పాదంలనే కుండల ఉన్నది కద. మళ్లీ ఆఖరుకు వచ్చి చేరుడెట్ల? కుండ అనే మాట కూడ రెండుసార్లు పడ్డది.

మిర్యాల పంతులు:
(కాసేపటికి) అవునమ్మా. ఓడిపోయాను.

పాలమూరు పలక:
నిర్వాహకులు కోప్పడితే పడనీ, నేను ఆగలేను. నేను ఆ యాత్రలో ఉన్నాను.

నీలిరంగుతోడ నిలిపితి గిరినొండు
సారు చూచి “మబ్బు చాల” దనియె
తుడిచి తుడిచి కుంచె తోమి కడుగుచుండ
కొండ కరిగి నీటి కుండఁ జేరె

నిర్వాహకుడు:
గుట్టు రట్టు చేశారు! సరే, ఇంక దాచేదేముంది. అయితే కొండ గీసింది ఈయన కాదు, నేను. నా సిగ్గును తన పద్యంలోకి లాక్కున్నందుకు రుణపడి ఉన్నా.

మొదటి రోజు మన్ననూరులో రంగు ముట్టనివ్వలేదు సారు. 4బీ మెత్త పెన్సిలు, అట్టముక్కలో కోసిన చిన్న కిటికీ, అంతే. ఆ కిటికీలోంచి చూసి అగ్గిపెట్టెంత బొమ్మలు ఇరవై గీయమన్నారు. నాకు చెప్పలేనంత విసుగు పుట్టింది. రెండో రోజు తెల్లవారుజామున ఫరహాబాద్ వ్యూ పాయింట్. పొగమంచులో కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. నేను 300 జీఎస్ఎం దళసరి కాగితం తీసి, అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపి, ఎదురుగా ఉన్న కొండను ఈ చివర నుంచి ఆ చివరకు దట్టంగా పట్టించాను. ఇంట్లో గోడకు సున్నం వేసినట్టు. అచ్చు ఎనుబోతు పడుకున్నట్టు వచ్చింది.

సారు వెనక నిలబడి చూశారు. ఏమీ అనలేదు. నా చేతిలోని కుంచె తీసుకొని, మంచినీళ్లలో ముంచి, కొండ నెత్తి మీద తడి గీత ఒకటి లాగి, గుడ్డతో అద్దారు. అక్కడ తెల్లగా మబ్బు లేచింది. మళ్లీ ముంచడం, లాగడం, అద్దడం. కుంచె కడిగిన ప్రతిసారీ చెంబులో నీలం ముదిరింది. ఐదు నిమిషాల్లో కాగితం మీద సగం కొండే మిగిలింది. చెంబు వంచి నాకు చూపించి, “మీ కొండంతా దీంట్లనే ఉన్నది” అన్నారు.

ఈ విద్య అన్ని రంగులతో కుదరదట. అల్ట్రామెరైన్ కాగితం పైపైన కూర్చుంటుంది, తడి తగిలితే లేచి వస్తుంది. అదే థాలో బ్లూ అనే ఇంకో నీలం అయితే దారంలోకి దిగి పట్టుకుంటుంది, ఎంత తోమినా వదలదు. అది వాడి ఉంటే ఇవాళ ఈ సమస్యే లేదు.

పద్యానికి వస్తే: “తుడిచి తుడిచి… తోమి” మూడు క్రియలు ఒకే పాదంలో పడి చేతి ఆత్రం వినబడింది. “మబ్బు చాలదు” అనే మాట సారుదే. కాగితం ప్రస్తావన లేకపోవడం లోటే, గోడ మీద వేశారా అని అడిగేవాళ్లుంటారు.

గద్వాల జరీ:
సున్నం వేసినట్టే అన్నరు కద, గోడనే అనుకున్న.

వనపర్తి వాన:
గుట్టు బయటపడ్డది కాబట్టి నేనూ పెడుత. అందరిలోకి చిన్నదాన్ని నేనే అక్కడ.

దూరమైన కొలఁది ధూసర వర్ణమై
మలను మలయె దాటి మాయ మయ్యె
చివరి గిరికి రంగు చిటికెఁడు చాలంగ
కొండ కరిగి నీటి కుండఁ జేరె

మిర్యాల పంతులు:
దూ–ధూ, మ–మా, చి–చి. యతులకు వంక లేదు. “మలను మలయె దాటి” దగ్గర ఆగాను. కొండలు నడుస్తాయా అమ్మా?

వనపర్తి వాన:
పొద్దుగాల ఆరున్నరకు అక్కడ నిలబడితే నడిచినట్టే ఉంటది తాతయ్యా. మంచు జరిగినప్పుడల్లా ముందుది పోయి వెనకది వస్తది. కొంచెంసేపు ఐదు కొండలు లెక్కపెట్టిన, కొంచెంసేపటికి మూడే.

పాలమూరు పలక:
ఈ పిల్ల ఎట్లా వేసిందో నేను పక్కనే కూర్చొని చూశాను. ఐదు కొండలకు ఒక్కటే రంగు కలిపింది. ముందున్న కొండకు కుంచె నిండా. తర్వాత కుంచెను చెంబులో ఒకసారి ముంచి రెండో కొండ. మళ్లీ ముంచి మూడోది. ఐదో కొండకు వచ్చేసరికి కుంచెలో రంగుందా, వట్టి తడా అన్నట్టుంది. కాగితం మీద కనబడీ కనబడని నీలి చాయ. తక్కిన రంగంతా చెంబులోనే.

నిర్వాహకుడు:
నేను చెంబులో చూసింది నా తప్పు. ఈ అమ్మాయి అదే చెంబులో దూరాన్ని చూసింది. మధ్యలో ఎంత గాలి, ఎంత తేమ ఉంటే కొండ అంత పలచబడి నీలమవుతుందని సారు మాకు గంటసేపు చెప్పారు. నేను తలాడించి మళ్లీ దట్టంగానే వేశాను. “చిటికెఁడు చాలంగ” అన్న చోట ఆ గంట పాఠం ఉంది. ఈ వారం నా ఓటు ఈ పద్యానికే. దేవరకొండ అక్కయ్య పద్యం పక్కనే నిలబడుతుంది, ఎవరి కుండ వారిది.

దేవరకొండ సారె:
మాకు పోటీ ఏముంది సారు. ఆ పిల్ల కొండను పలచన చేసింది, నేను ముద్ద చేసిన.

అచ్చంపేట పోస్టు:
అంతా బాగనే ఉంది గని, ఆ రంగు నీళ్లు యాడ పోసిన్రు? మా వాగులనా?

నిర్వాహకుడు:
లేదన్నా. మా వెంట వచ్చిన చెంచు గైడు మొదటి రోజే చెప్పాడు, జంతువులు తాగే నీళ్లల్లో ఒక్క చుక్క పడొద్దని. పదకొండు మంది కడుగు నీళ్లూ ఒక క్యానులో పోసుకొని మూడు రోజులు మోశాం. బస్సులో నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. కల్వకుర్తి దాటాక మూత ఊడి, నా తెల్ల పంచె మోకాళ్ల దాకా నల్లమల అయింది. ఇంట్లో రెండుసార్లు ఉతికించాను. అల్ట్రామెరైన్ పోయింది, ఎవరో థాలో బ్లూ కూడా వాడినట్టున్నారు, ఆ మరక మిగిలింది.

కల్వకుర్తి తమ్ముడు:
సార్, “పంచె నిండ కొండ” అని ఇంకో సమస్య ఇయ్యండ్రి!

నిర్వాహకుడు:
నువ్వు ముందు ఉత్వసంధి చూసుకో తమ్మీ. వచ్చే ఆదివారానికి తేటగీతి పాదం ఇదిగో. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నీటిరంగులు వేసేవాళ్లకు సులువు, మిగతావాళ్లు కొంచెం తలగోక్కోవాలి:

“తెల్ల రంగు పూయక మంచు తెల్లఁబడెను”

గద్వాల జరీ:
మళ్లీ ఐసు బండేనా?