అయోవా అఫెన్స్ మునిగింది కొడుకు వల్లా, తండ్రి వల్లా?

హాకై_శీను:
వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవని ఇక్కడికి తెస్తున్నా, అక్కడ పిల్లల పుట్టినరోజు ఫోటోల మధ్య వాదన ముందుకు సాగట్లేదు. విషయం చాలామందికి తెలిసిందే. 2022లో మన అయోవా హాకైస్ (అయోవా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) అఫెన్స్, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం, మ్యాచ్‌కి సగటున 251 యార్డులు సాధించి, దేశంలోని 131 పై స్థాయి కాలేజీ జట్లలో 130వ స్థానంలో నిలిచింది. ఇంతకంటే కిందికి ఎక్కడికి పోతాంలే అనుకున్నాం. 2023లో 234కి పడిపోయి 133 జట్లలో ఆఖరున కూర్చున్నాం. అదే ఏడాది పది మ్యాచ్‌లు గెలిచాం కూడా, అదో వింత.

ఆ అఫెన్స్‌ని కోఆర్డినేటర్‌గా నడిపింది బ్రయన్ ఫెరెంజ్, హెడ్ కోచ్ కర్క్ ఫెరెంజ్ గారి అబ్బాయి. 2023 తర్వాత అతన్ని పంపేశారు, అతని స్థానంలో టిమ్ లెస్టర్ వచ్చాడు, మ్యాచ్‌కి సగటు 15.4 పాయింట్ల నుంచి 2024లో 27.7కి ఎగిరింది. గ్రూపులో సగం మంది "చూశారా, కొడుకు పోయాడు, శని వదిలింది" అంటున్నారు. నేను ఒప్పుకోను. తప్పు తండ్రిది. 1999 నుంచి ఈ జట్టు ఎలా ఆడాలో నిర్ణయిస్తున్నది ఆయనే, కొడుకు ఆయన గీసిన గీత దాటలేదు, అంతే. మీరేమంటారు?

గుంటూరు_మిర్చి:
శీనూ, గీత గీతే కానీ ఆ గీత లోపల కూడా ఆడటం రాకపోతే ఎవరిది తప్పు? చార్లీ జోన్స్ సంగతి గుర్తుందా? 2021లో మన దగ్గర రిసీవర్, అంటే పాస్ పట్టేవాడు. సీజనంతా కలిపి 21 క్యాచ్‌లు, 323 యార్డులు. మనం అతన్ని ఎక్కువగా కిక్ రిటర్న్‌లకి, అంటే అవతలివాళ్లు తన్నిన బంతి పట్టుకుని పరిగెత్తడానికి, వాడుకున్నాం. మరుసటి ఏడాది మన బిగ్ టెన్ లీగ్‌లోనే ఉన్న పర్డ్యూకి వెళ్లాడు. 110 క్యాచ్‌లు, 1,361 యార్డులు, 12 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరున్న ఎండ్‌జోన్‌లోకి చేర్చడం, ఆరు పాయింట్లు, పైన కిక్‌కి ఒకటి), ఆ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని బెంగాల్స్ డ్రాఫ్ట్‌లో ఎంచుకున్నారు. మనిషి అదే, లీగ్ అదే, ఎదురు జట్లూ దాదాపు అవే. మారింది బంతి ఎవరికి వేయాలో చెప్పే మనిషి ఒక్కడే.

ఇంకోటి. 2022లో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి అఫెన్స్‌ని నడిపే ఆటగాడు) కోచ్ కెన్ ఓకీఫ్ తప్పుకుంటే ఆ పని కూడా బ్రయనే నెత్తిన వేసుకున్నాడు. ఆటగాడిగా ఓ-లైన్ (ముందు నిలబడి అవతలివాళ్లని అడ్డుకునేవాళ్లు), కోచ్‌గా టైట్ ఎండ్లూ (అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్లు) ఓ-లైనూ, అలాంటి మనిషికి క్వార్టర్‌బ్యాక్‌లని అప్పజెప్పారు. ఆ తర్వాత మన క్వార్టర్‌బ్యాక్ పెట్రస్ ఆట ఎలా ఉందో చూశాం కదా.

డిమాయిన్_మూర్తి:
మిర్చి గారూ, ఒక్క నిమిషం. అదే బ్రయన్ కోఆర్డినేటర్ అయిన మొదటి ఏడాది, 2017 నవంబర్‌లో, మన కిన్నిక్ స్టేడియంలో ఒహాయో స్టేట్‌ని 55-24తో చితక్కొట్టాం. మరుసటి ఏడాది టీజే హాకెన్‌సన్, నోవా ఫాంట్ అనే ఇద్దరు టైట్ ఎండ్‌లని పెట్టుకుని 31 సగటు తెచ్చాడు, ఆ ఇద్దరూ 2019 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. ఒకే కాలేజీ నుంచి ఒకే ఏడాది ఇద్దరు టైట్ ఎండ్లు మొదటి రౌండ్‌లో వెళ్లడం అదే మొదటిసారి. అప్పుడు ఉన్న తెలివి 2022కి ఎక్కడికి పోయింది?

నా లెక్కలో మొదట పాడయింది ఓ-లైన్. ట్రిస్టన్ వర్ఫ్స్ 2020లో, టైలర్ లిండర్‌బామ్ 2022లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాక ఆ స్థాయి మనుషులు మళ్లీ రాలేదు. మన ఆటంతా ముందు పరుగు, ఆ పరుగు బెదిరింపుతో తర్వాత పాస్. లైన్ కదల్లేకపోతే పరుగు లేదు, పరుగు లేకపోతే పాస్‌కి ఎవడూ మోసపోడు. దీనికి ప్లే పిలిచేవాడు ఒక్కడినే తిడితే ఎలా?

గుంటూరు_మిర్చి:
మూర్తి గారూ, ఆ 55లో మొదటి ఏడు మన డిఫెన్స్ తెచ్చింది, వాళ్ల మొదటి బంతినే పట్టుకుని నేరుగా ఎండ్‌జోన్‌కి పరిగెత్తారు. అది కూడా బ్రయన్ ఖాతాలో వేస్తారా 🙂

కొత్తబిచ్చగాడు:
అందరికీ నమస్కారం. నేను పోయిన ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చా, రూమ్మేట్లు లాక్కెళ్తే మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టా. ఒక అనుమానం, నవ్వకండి. ఆఖరు స్థానం అఫెన్స్‌తో పది మ్యాచ్‌లు ఎలా గెలుస్తారు? ఇంకొకటి, ఎవరో 7-3తో గెలిచారని చెప్పారు, అంటే ఒక టచ్‌డౌనే కదా, అంత చెత్తేం కాదుగా?

హాకై_శీను:
తమ్ముడూ, ఆ ఏడులో టచ్‌డౌన్ లేదు. అదే అసలు సంగతి. 2022 మొదటి మ్యాచ్, సౌత్ డకోటా స్టేట్ మీద. ఒక ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. మిగతా నాలుగూ రెండు సేఫ్టీలు, అంటే మన డిఫెన్స్ వాళ్లని వాళ్ల సొంత ఎండ్‌జోన్‌లోనే రెండుసార్లు పడగొట్టింది, ఒక్కోదానికి రెండు. స్కోర్‌బోర్డు చూసి "ఓహో ఒక టచ్‌డౌన్ కొట్టారు" అనుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు, నువ్వొక్కడివే కాదు.

ఎలా గెలుస్తారంటే, ఇక్కడే నా వాదన మొదలవుతుంది. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. మూడింట్లో అవ్వకపోతే నాలుగోసారి బంతిని దూరంగా తన్నేస్తారు, దాన్ని పంట్ అంటారు. మిగతా జట్లకి పంట్ అంటే ఓటమి ఒప్పుకోవడం. కర్క్ గారికి అదే ప్లాన్. బంతి పోగొట్టుకోవద్దు, రిస్కు తీసుకోవద్దు, తన్ని వాళ్లని వాళ్ల ఎండ్‌జోన్ దగ్గరికి నెట్టు, ఫిల్ పార్కర్ డిఫెన్స్ చూసుకుంటుంది, వాళ్లే తప్పు చేస్తారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్ 2023లో 93 పంట్లు, 4,479 యార్డులు తన్నాడు, ఒక సీజన్‌కి అది ఎన్‌సీఏఏ రికార్డు. రే గై అవార్డు అతనికి, బ్రాయిల్స్ అవార్డు పార్కర్‌కి. ఒక జట్టులో దేశంలోకెల్లా మంచి పంటర్, మంచి అసిస్టెంట్ కోచ్, అట్టడుగు అఫెన్స్ ఒకే ఏడాది ఉన్నాయంటే అది కాకతాళీయం కాదు. అలా ఆడాలనే ఆడుతున్నారు.

కోరల్‌విల్_లక్ష్మి:
శీనూ, అలా ఆడాలనుకోవడం వేరే, 76 యార్డులు వేరే. 2023లో పెన్ స్టేట్ దగ్గర 31-0తో ఓడిన రోజు మన మొత్తం సంపాదన 76 యార్డులు, ఫస్ట్ డౌన్లు (పది యార్డులు పూర్తిచేసి మళ్లీ ప్రయత్నాలు తెచ్చుకోవడం) నాలుగే. జాగ్రత్తగా ఆడమని తండ్రి చెప్పి ఉండొచ్చు, ముందుకే పోవద్దని చెప్పి ఉండడు కదా.

అయితే బ్రయన్ ఒక్కడినే అనడం నాకూ నచ్చదు. ఈ కథలో అందరూ మర్చిపోయేది పైవాళ్లని. యూనివర్సిటీ నియమం ప్రకారం తండ్రి కింద కొడుకు నేరుగా పనిచేయకూడదు, అందుకని కాగితం మీద బ్రయన్ బాస్ అథ్లెటిక్ డైరెక్టర్ గ్యారీ బార్టా. 2023 ఫిబ్రవరిలో ఆయన చేసిన ఘనకార్యం ఆ కాంట్రాక్టు. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 50 వేలు కోసి, మ్యాచ్‌కి సగటు 25 పాయింట్లు, కనీసం ఏడు గెలుపులు అని షరతు పెట్టారు. ఆ 25లో డిఫెన్స్ కొట్టిందీ, కిక్ రిటర్న్‌లో వచ్చిందీ అన్నీ లెక్కే! అంటే పార్కర్ మనుషులు అవతలివాళ్ల పాస్‌ని మధ్యలో పట్టేసి పరిగెత్తితే బ్రయన్ ఉద్యోగం నిలబడుతుంది. ఎవరైనా బుద్ధి ఉన్నవాళ్లు రాసే షరతేనా అది? దాంతో ప్రతి శనివారం జనం మ్యాచ్ చూడటం మానేసి 25కి ఎంత దూరంలో ఉన్నామో లెక్కపెట్టడం మొదలుపెట్టారు, టీవీ వాళ్లు దాన్ని ఒక గ్రాఫిక్‌గా వేసేవాళ్లు. పిల్లల మీద ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆలోచించండి.

గుంటూరు_మిర్చి:
అక్కా, ఆ షరతు ఎందుకు వచ్చింది? మామూలు కోఆర్డినేటర్ అయితే 130వ స్థానం వచ్చిన రోజే ఇంటికి పంపేవాళ్లు. 50 వేలు కోసి ఇంకో ఏడాది ఇచ్చారంటే ఇంటిపేరు వల్లే. ధృతరాష్ట్రుడి పుత్రప్రేమ అని ఊరికే అనలేదు పెద్దలు.

డిమాయిన్_మూర్తి:
పోలిక కొంచెం ఎక్కువైంది. ఇక్కడ యుద్ధం ఓడిపోలేదు, పది గెలిచి బిగ్ టెన్‌లో మన డివిజన్ టైటిల్ కూడా కొట్టాం. గాయాల సంగతి ఎవరూ ఎత్తరేం? మిషిగన్ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా సెప్టెంబర్ 30న మోకాలు పోగొట్టుకున్నాడు. టైట్ ఎండ్లలో లూక్ లేకీ వెస్టర్న్ మిషిగన్ మ్యాచ్‌లో పోయాడు, ఎరిక్ ఆల్ విస్కాన్సిన్ దగ్గర పోయాడు. అక్కడి నుంచి రెండో క్వార్టర్‌బ్యాక్ డీకన్ హిల్‌తో లాక్కొచ్చారు. ఆ చేతులతో ఎవరు ఏం నడుపుతారు?

గుంటూరు_మిర్చి:
డివిజన్ టైటిలా! వెస్ట్ డివిజన్‌లో ఎవరున్నారు సార్? నార్త్‌వెస్టర్న్ మీద 10-7, ఇల్లినాయి మీద 15-13, నెబ్రాస్కా మీద 13-10. ఒక అసలైన జట్టు ఎదురుపడగానే మిషిగన్ చేతిలో 26-0, సీజన్ చివర సిట్రస్ బౌల్‌లో టెనెసీ చేతిలో 35-0. ఆ సీజన్‌లో ఓడిన నాలుగింట్లో మూడు సున్నాలు. నాలుగోది మినెసోటాతో 12-10. మన కూపర్ డిజీన్ పంట్ రిటర్న్ టచ్‌డౌన్ కొట్టేస్తే, చెయ్యి ఊపి ఫెయిర్ క్యాచ్ సైగ (పట్టుకుంటా, పరిగెత్తను అని) చేశాడని రద్దు చేశారు, ఆ గొడవ మళ్లీ లేపకండి నాకు బీపీ వస్తుంది. కానీ ఆ రోజు అఫెన్స్ తెచ్చింది 127 యార్డులు. ఇంకొక్క ఫీల్డ్ గోల్ తెచ్చుకుని ఉంటే రిఫరీలతో మనకేం పని?

హాకై_శీను:
ఇప్పుడు నువ్వు నా వాదనే చేస్తున్నావు మిర్చీ. మినెసోటా మ్యాచ్ తర్వాత అక్టోబర్ 30న బార్టా తర్వాత వచ్చిన తాత్కాలిక డైరెక్టర్ బెత్ గెట్జ్, ఈ సీజన్ తర్వాత బ్రయన్ ఉండడని ప్రకటించింది. ఇక పోయే ఉద్యోగం పోయింది, 25 లెక్క గోల లేదు, మనిషికి భయం ఉండక్కర్లేదు. లోపల వేరే ఆట ఉండి తండ్రి కోసం ఆపుకుని ఉంటే అది బయటికి రావాల్సింది అప్పుడే కదా. వచ్చిందా? రెగ్యులర్ సీజన్‌లో మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచాం, ఎలా గెలిచామంటే ఇప్పుడు నువ్వు చెప్పిన 10-7, 15-13, 13-10, మధ్యలో రట్గర్స్ మీద ఒక 22-0. ఎందుకంటే పిలుపు ఇచ్చేది ఎవరైనా ఆట ఆ పెద్దాయనదే.

కోరల్‌విల్_లక్ష్మి:
మరి 2024? అదే పెద్దాయన, కొత్త కోఆర్డినేటర్, పన్నెండు పాయింట్లు ఎక్కువ. దీనికేం చెప్తావు?

హాకై_శీను:
కేలెబ్ జాన్సన్ అని చెప్తా. 1,537 యార్డులు, 21 పరుగు టచ్‌డౌన్లు, టచ్‌డౌన్లలో ఇక్కడ ఒక సీజన్‌కి అదే రికార్డు. లెస్టర్ లైన్‌ని కదిలించే పద్ధతి మార్చాడు, స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందు మనుషుల్ని అటూ ఇటూ తిప్పాడు, దానికి మార్కులు ఇస్తా. కానీ పాస్ ఆట చూడండి, 2024లో కూడా దేశంలో అట్టడుగు గుంపులోనే ఉంది. మెక్‌నమారా, సలివన్, తర్వాత స్కాలర్‌షిప్ కూడా లేని స్ట్రాటన్, ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు మారారు. గట్టి జట్టు వచ్చిన రోజు ఒహాయో స్టేట్ మీద 7. నెబ్రాస్కా మీద మళ్లీ అదే 13-10, మళ్లీ ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్. ఆ స్కోరు రెండేళ్లు వరసగా వచ్చిందంటే ఎవరు మారినట్టు?

కోరల్‌విల్_లక్ష్మి:
అంత మంచి రన్నింగ్ బ్యాక్ 2023లో కూడా ఇదే జట్టులో ఉన్నాడని మర్చిపోయావు. అప్పుడు అతన్ని సరిగ్గా వాడింది లేదు. పెద్దాయన ఆటే అయితే, ఆ ఆటలోనే ఒకడు 15 తెచ్చాడు, ఇంకొకడు 27 తెచ్చాడు. గీత తండ్రిది అనుకున్నా, గీత లోపల తేడా పన్నెండు పాయింట్లు. అది కోఆర్డినేటర్ పని.

డిమాయిన్_మూర్తి:
జాన్సన్‌కి కూడా 2023లో గాయం ఉంది, కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. అయినా లక్ష్మి గారి మాటలో బలం ఉంది, ఒప్పుకుంటా. నా పట్టు మాత్రం ఓ-లైన్ మీదే.

కొత్తబిచ్చగాడు:
ఇందాక చెప్పిన 7-3 మ్యాచ్‌లో సౌత్ డకోటా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ మార్క్ గ్రొనౌస్కీ అని ఇప్పుడే చూశా. అతనేనా ఈ 2025 జనవరిలో మన జట్టుకి వస్తున్నట్టు చెప్పింది?

గుంటూరు_మిర్చి:
అతనే. ఆ తర్వాత 2022, 2023 రెండేళ్లూ అక్కడ ఎఫ్‌సీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో రెండో స్థాయి) చాంపియన్‌షిప్ గెలిచాడు, ఆ స్థాయిలో మేటి ఆటగాడికిచ్చే వాల్టర్ పేటన్ అవార్డు కొట్టాడు. 2025 సీజన్‌కి మనవాడు. శీనూ, నీకిక సాకు లేదు. క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, కోఆర్డినేటర్‌కి రెండో ఏడాది. 2025 సెప్టెంబర్ 6న ఏమ్స్‌లో అయోవా స్టేట్‌తో మ్యాచ్. పాస్‌లో 200 యార్డులు దాటితే కోఆర్డినేటరే ముఖ్యమని ఇక్కడే రాయాలి నువ్వు.

హాకై_శీను:
200 దాటితే రాస్తా, కోరల్‌విల్‌లో బిర్యానీ కూడా నాదే. దాటకపోతే నీదే, మటన్.

కోరల్‌విల్_లక్ష్మి:
బిర్యానీ మా ఇంట్లో చేస్తా, మీ ఇద్దరి డబ్బులూ నాకివ్వండి. తమ్ముడూ, నువ్వు కూడా రా, నాలుగో డౌన్‌లో పంట్ ఎప్పుడు తన్నాలో వీళ్లు కొట్టుకుంటుంటే చూడొచ్చు.

కొత్తబిచ్చగాడు:
వస్తా అక్కా. కానీ ఏమ్స్‌లో మా కజిన్ చదువుతున్నాడు, వాడు అయోవా స్టేట్ సైక్లోన్స్ జెర్సీ వేసుకొస్తే లోపలికి రానిస్తారా?

గుంటూరు_మిర్చి:
రానిస్తాం. అన్నం పెడతాం. మటన్ పెట్టం.