హోంవర్క్ ఆలస్యమైతే మార్కులు కోయాలా, వద్దా?

ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను, 38 మంది పిల్లలు. బడి తెరిచిన రోజే మార్కుల పద్ధతి బోర్డు మీద రాశాను: పరీక్షలకు 60, స్లిప్ టెస్టులకు 20, హోంవర్క్‌కి 20. ఆలస్యమైతే రోజుకు 10 శాతం కోత. తల్లిదండ్రుల సంతకాలూ తీసుకున్నాను.

మొదటి వారం 35 నోట్‌బుక్కులు వచ్చాయి. మూడో వారానికి 19. రెండు రోజులు దాటితే చాలు, "ఎలాగూ మార్కులు పోయాయి కదా టీచర్" అని అసలు చేయడమే మానేస్తున్నారు. ఒకమ్మాయి స్లిప్ టెస్టులో 20కి 18 తెచ్చుకుంది, హోంవర్క్‌లో మాత్రం 4. ఆ పిల్లకి లెక్కలు బాగా వచ్చు. నా మార్కుల పట్టిక చూస్తే అలా అనిపించదు, నా బాధంతా అదే.

నాలుగో వారం కోత ఎత్తేసి శుక్రవారం దాకా గడువిచ్చాను. అందరూ గురువారం రాత్రే దించేశారు. 11 నోట్‌బుక్కుల్లో ఒకే లెక్కలో, ఒకే చోట మైనస్ గుర్తు ఎగిరిపోయింది! విడివిడిగా మాట్లాడితే రెండు రోజులు పనిచేసింది, అంతే.

హోంవర్క్‌కి మార్కులు పూర్తిగా తీసేసి, తప్పులు మాత్రమే దిద్ది ఇద్దామనుకుంటున్నాను. కానీ మొదటి రోజు చెప్పిన మాట మళ్లీ మారిస్తే మిగతా నియమాలూ లెక్కచేయరేమోనని టెన్షన్. ఏడాది మధ్యలో ఇలా మార్చిన టీచర్లు చెప్పండి: మీ క్లాసులో హోంవర్క్ చేసేవాళ్లు పెరిగారా, తగ్గారా?