వేరయ, వేరయా: అండర్‌స్కోర్‌కు ఏది చిక్కుతుంది?

అడిగినవారు: వేమన పద్యాలు పాదానికొక వరుసగా డీబీ2 డేటాబేస్ పట్టికలో ఉన్నాయి. ‘పురుషులు వేరయ’ దాకా గుర్తుంది, చివర హ్రస్వమో దీర్ఘమో తేలడం లేదు. కోబాల్ ప్రోగ్రామ్‌లో 60 బైట్ల వేరియబుల్‌లో ‘%పురుషులు వేరయ_’ పెట్టి, ప్యాటర్న్‌కు సరిపడే వరుసలను వెతికే లైక్ పక్కన కోలన్‌తో దాని పేరు ఇచ్చాను. ఒక్క వరుసా రాలేదు.

పాతకాపు: దీర్ఘం సంగతి తర్వాత. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే) ఒక్కొక్కటి 3 బైట్లు. మీ ప్యాటర్న్ 39 బైట్లు, మిగతా 21 ఖాళీలు. లైక్ ఆ ఖాళీలనూ ప్యాటర్న్‌గానే చదువుతుంది. అన్ని ఖాళీలతో ముగిసే పాదం మీ పట్టికలో ఎందుకుంటుంది? నిడివి మారే వేరియబుల్ తీసుకోండి. కోబాల్‌లో దాని నిడివిని 49 అనే లెవెల్ నంబరు కింద రాస్తారు, అక్కడ 39 అని ఇవ్వండి.

యతిప్రియ: అది సగం మందు. అండర్‌స్కోర్ అంటే కచ్చితంగా ఒక కోడ్‌పాయింట్, సున్నా కాదు. యకారానికి దీర్ఘం విడి కోడ్‌పాయింట్ గనుక ‘వేరయా’ చిక్కుతుంది, ‘వేరయ’ జారిపోతుంది. అక్కడ సున్నాకైనా ఎన్నింటికైనా సరిపడే శాతం గుర్తు పెట్టండి, రెండూ వస్తాయి. అన్నట్టు ‘ణ్య’ మనకు ఒక్క అక్షరం, దానికి మూడు అండర్‌స్కోర్లు కావాలి. ఇక పాఠమంటారా, హ్రస్వమే. ఆటవెలది ఒప్పుకునేది దాన్నే.

గణపాఠి: ఆటవెలదిని అనవసరంగా సాక్ష్యానికి లాగారు. దాని బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. పురుషు, లందు, పుణ్య: మూడు సూర్యగణాలు. పురుషులు నలం. ఆపైన ‘వేరయ’ భగణం, ‘వేరయా’ రగణం. రెండూ ఇంద్రగణాలే కదా!

యతిప్రియ: సరే, గణాలు తీర్పు చెప్పవు. చెవి చెబుతుంది. కింది పాదం ‘వినురవేమ’ అని హ్రస్వంతో ఆగుతుంటే పైన దీర్ఘం ఎందుకు?

గణపాఠి: అందుకే! ‘అయా’ అని పిలిచి, ఆ తర్వాత వినమంటాడు. వేమన పిలుపును కుదించడం ఏమి న్యాయం? మీ చెవి రెండో పాదం మీద పెట్టండి. ‘జాడ వేరయా’ అని పాడేవారున్నారు. అది సరి పాదం, అక్కడ అయిదూ సూర్యగణాలే, ‘వేరు’ దగ్గర ఆగాల్సిందే.

పాతకాపు: పొడవు మార్చలేని వేరియబుల్ అయితే చివరిదాకా శాతం గుర్తులతోనే నింపండి. ఎన్ని పెట్టినా ఒక్కదానితో సమానం.

అడిగినవారు: నిడివి 39 ఇచ్చాను. ‘వేరయా’ వచ్చింది.

గణపాఠి: చూశారా!

యతిప్రియ: ఏమి చూడాలి? ఆ అండర్‌స్కోర్ రెండో పాఠాన్ని గడప దాటనివ్వదని ముందే చెప్పాను. శాతం గుర్తు పెట్టి తీసిన ఫలితం వచ్చాక మాట్లాడండి.