కొత్త సెన్సార్ వేసినా ఏబీఎస్ దీపం ఆరడం లేదు

ప్రశ్న:
నెల రోజులుగా నా కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పసుపు దీపం కాసేపు వెలుగుతూ కాసేపు ఆరుతూ ఉంది. స్కానర్ పెట్టి చూస్తే సీ0035, అంటే ముందు ఎడమ చక్రపు స్పీడ్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం, అని వచ్చింది. దాన్ని నమ్మి సెన్సార్ మార్చాను. రెండు రోజులు బాగానే ఉండి, మళ్ళీ అదే దీపం, అదే కోడ్. తీసేసిన పాత సెన్సార్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే 1,150 ఓములు, కొత్తది 1,180 ఓములు చూపిస్తున్నాయి. అంటే పాతదానికి ఏ జబ్బూ లేదన్నమాట. మరొక లక్షణం కూడా ఉంది. మెల్లగా బ్రేక్ నొక్కుతూ బండి ఇక ఆగబోతుందనగా, గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంలో, పొడి రోడ్డు మీద కూడా పెడల్ కాలి కింద గరగరమని అదురుతోంది. ఏబీఎస్‌ను నడిపించే కంట్రోల్ యూనిట్ పోయి ఉంటుందని ఒక మెకానిక్ అన్నారు. అంత దూరం వెళ్ళే ముందు ఏమేమి చూసుకోవాలి?

సమాధానం 1:
కంట్రోల్ యూనిట్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించే గాని సెన్సార్ గురించి మాత్రమే కాదు. ఆ సర్క్యూట్‌లో వైరు ఉంది, కనెక్టర్ ఉంది, సెన్సార్ ఎదుట తిరిగే పళ్ళ రింగు కూడా ఉంది. మీరు కొలిచిన ఓములను బట్టి అది తీగచుట్ట ఉన్న పాత తరహా సెన్సార్. దానికి బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. రింగు పళ్ళు దాటిపోతుంటే తానే వోల్టేజిని పుట్టిస్తుంది, చక్రం ఎంత మెల్లగా తిరిగితే ఆ వోల్టేజి అంత తగ్గుతుంది. మీ పెడల్ అదురుకు కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. బండి ఆగబోయే వేళ ఆ ఒక్క చక్రపు సంకేతం మిగతా మూడింటికన్నా ముందే చచ్చిపోతే, చక్రం బిగుసుకుపోయిందని భ్రమపడి ఏబీఎస్ దాని బ్రేకును వదిలించబోతుంది.

ముందుగా నాలుగు చక్రాల వేగాలను ఒకేసారి చూపించే స్కానర్ సంపాదించండి (చౌక రకాలు చాలావరకు ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదువుతాయి). మీరు తిన్నగా, మెల్లగా నడుపుతుంటే పక్కన కూర్చున్నవారు గ్రాఫ్ చూడాలి. ఆ చక్రపు గీత ఎప్పుడూ ఒకే తీరుగా బలహీనంగా ఉంటే సెన్సార్‌కూ రింగుకూ మధ్య ఎడం పెరిగినట్టు. సెన్సార్ కూర్చునే చోట పేరుకున్న తుప్పు దాన్ని పైకి లేపినా, బేరింగ్ లూజైనా అలాగే జరుగుతుంది. చక్రం తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి గీత కిందికి పడి లేస్తుంటే మాత్రం రింగును అనుమానించండి. స్టీరింగ్ తిప్పినప్పుడే గీత తెగిపోతుంటే, సస్పెన్షన్ దగ్గర వంగే చోట వైరు లోపల తెగి ఉంటుంది.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. చదివేవారెవరూ పొరబడకూడదని ఒక్క సంగతి కలుపుతాను: ఓములు కొలిచే పద్ధతి ఈ తరహా సెన్సార్లకే చెల్లుతుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా వస్తున్న, కరెంటు అందితే గాని పనిచేయని సెన్సార్లలో ఆ అంకెకు అర్థం లేదు; కనెక్టర్ దగ్గర సరఫరా అందుతోందో లేదో చూసుకోవాలి. వాటిలో కొన్నిటికి పళ్ళ రింగు బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, బేరింగ్‌ను తిరగేసి బిగిస్తే సెన్సార్‌కు ఏమీ కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్రాఫ్‌లో ప్రతి చుట్టుకూ ఒక పల్లం స్పష్టంగా కనబడింది. కారును జాకీతో ఎత్తి స్టాండు మీద నిలిపి, టైరు మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, టార్చి వేసి పన్ను తరవాత పన్ను చూస్తూ చక్రాన్ని చేత్తో తిప్పాను. మొదటి చుట్టులో ఏమీ కనబడలేదు. బ్రష్‌తో మురికి దులిపాక, డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) బయటి జాయింట్ మీది రింగు రెండు పళ్ళ మధ్య అడ్డంగా చీలి, సందులో గోరు దూరేంత ఎడం కనబడింది. మరి సెన్సార్ మార్చాక రెండు రోజులు ఎందుకు బాగుందో మాత్రం అర్థం కాలేదు.

సమాధానం 1:
కోడ్ చెరిపేసి ఉంటారు కదా? లోపం మళ్ళీ లెక్కకు వచ్చేదాకా దీపం వెలగదు. పైగా కొత్త సెన్సార్ బిగించేటప్పుడు ఆ చోటును శుభ్రం చేసి ఉంటే, ఎడం కాస్త తగ్గి సంకేతం కొన్నాళ్ళు నెట్టుకొచ్చి ఉండవచ్చు. రింగు కింద తుప్పు ఉబ్బడం వల్లే అది చీలింది కాబట్టి, కొత్త రింగు ఎక్కించే ముందు జాయింట్ మీద లోహం మెరిసేదాకా తుప్పు గీకండి, లేకపోతే అదీ చీలుతుంది. రింగును వేడిచేసి వదులు చేసి ఎక్కించాలి, సుత్తితో కొట్టి దించకూడదు. పని అయ్యాక కోడ్ చెరిపి కొంత దూరం నడపండి. చాలా కార్లలో చక్రాలు కాస్త వేగం అందుకుని సంకేతం సరిగ్గా వస్తోందని తేలాకే దీపం ఆరుతుంది. అప్పటిదాకా మామూలు బ్రేకులు పనిచేస్తాయి గాని, గట్టిగా నొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు కనుక ముందు బండికి ఎడంగా నడపండి. పసుపు దీపంతో పాటు ఎర్ర బ్రేక్ దీపం కూడా వెలిగితే మాత్రం బండిని అక్కడే ఆపి, బ్రేక్ ఆయిల్ మట్టం చూసుకోండి.