ట్రస్ట్ ఎంఆర్‌ఐలో సిరల ఆక్సిజన్ ఎక్కువగా వస్తోంది, ఎందుకు?

ట్రస్ట్ అంటే సిరల రక్తాన్ని లేబుల్ చేసి, దాని సిగ్నల్‌ని విడిగా కొలిచే ఎంఆర్‌ఐ పద్ధతి. 3 టెస్లా స్కానర్‌లో సుపీరియర్ సాజిటల్ సైనస్ (మెదడు పైభాగంలోని పెద్ద సిర) దగ్గర రక్తపు టీ2 (సిగ్నల్ తగ్గిపోయే సమయం) కొలిచి, దాన్నుంచి ఆక్సిజన్ శాతం లెక్కిస్తున్నాను. ఎఫెక్టివ్ టీఈలు (టీ2 వల్ల సిగ్నల్ తగ్గడానికి ఇచ్చే సమయాలు) 0, 40, 80, 160 మిల్లీసెకన్లు, టావ్ (రీఫోకసింగ్ పల్స్‌ల మధ్య వ్యవధి) 10. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్‌కి 60-65 రావాలి కదా, నాకు 78 వస్తోంది (టీ2 సుమారు 102 మిల్లీసెకన్లు). వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది, కానీ అది ధమనుల లెక్క, ఇక్కడ పనికిరాదు.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 42 అనుకున్నదాన్ని రక్తపరీక్షలో వచ్చిన 38కి మార్చాను, 75కి దిగింది. ఆర్ఓఐని (కొలత తీసుకునే ప్రాంతాన్ని) బాగా మెరిసే 4 వాక్సెల్స్‌కి (ఇమేజీలోని చిన్న గళ్లకి) తగ్గించాను, తేడా లేదు. మళ్లీ స్కాన్ చేసినా అంతే. అనుమానమల్లా 160 టీఈ మీదే: అక్కడ కంట్రోల్ (లేబుల్ చేయని), లేబుల్ ఇమేజీల తేడా సున్నా వైపు పోకుండా మొండిగా నిలబడుతోంది. ఆ పాయింటు తీసేస్తే 68 వస్తోంది. ఇమేజీలన్నీ మాగ్నిట్యూడ్‌వే (సిగ్నల్ పరిమాణం మాత్రమే, గుర్తు ఉండదు), ఫేజ్ సేవ్ చేయలేదు.

160 దగ్గర మిగిలే ఆ సిగ్నల్ మాగ్నిట్యూడ్ తీసివేతలో చేరిన నాయిసా, లేక సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) కలిసిందా అని ఉన్న డేటాతోనే ఎలా తేల్చుకోవాలి?